తుప్పుతో పంతం పట్టిన బద్రావి

ఆ రేవు పేరు మాత్రం నేను చెప్పను. ఈజిప్టులో నైలు సముద్రంలో కలిసే చోట ఉన్న మా ఇజ్బత్ ఎల్‌బుర్జ్ పడవలు ఇప్పటికీ ఆ దిక్కుకే వేటకు పోతుంటాయి. రేపు మళ్ళీ ఎవడో ఒకడు పరాయి దేశపు సముద్రపు గీత దాటి దొరుకుతాడు. నా నోటి దురద వాడి మెడకు చుట్టుకోకూడదు. మిగతాదంతా జరిగింది జరిగినట్టు చెబుతాను. ఎందుకంటే మా పడవ ఇంజను మనిషి బద్రావి గురించి ఊళ్ళో చెప్పుకునేవాటిలో సగం అబద్ధాలు. మంత్రం చదివి ఇనుము విప్పాడని కాఫీ దుకాణాల్లో చెప్పుకుంటారు. నేను ఆ పడవలో వంటవాణ్ణి, కళ్ళారా చూశాను. మంత్రమూ లేదు, మాయా లేదు. కిరసనాయిలు ఉంది, కొవ్వొత్తి ఉంది, నా పంపు స్టౌ ఉంది.

బద్రావికి అప్పుడు యాభై రెండేళ్ళు. పని తెలిసిన మేస్త్రీ కాబట్టి మేం 'ఉస్తా' అని పిలిచేవాళ్ళం. పొట్టి మనిషి. భుజాలు వెడల్పు, మెడ ఉందో లేదో తెలియదు. నైలు ఒడ్డున పడవలు కట్టే చోటే పుట్టి పెరిగాడు. వాళ్ళ నాన్న చెక్కల సందుల్లో నార కూరేవాడు. ఇతనికి మొదట దొరికిన పని పాత పడవలను విప్పడం. ముప్పై ఏళ్ళ కిందట ఎవడో బిగించిన బోల్టులను ఒక్కొక్కటే ఊడదీయాలి. ఆ పనిలో చేతుల తోలు ఎన్నిసార్లు లేచిపోయిందో లెక్క లేదు. దాంతో అతనికి ఆ బిగించిన వాళ్ళ మీద, ముఖం కూడా తెలియని వాళ్ళ మీద, ఒక కక్ష పుట్టింది.

"బిగించేటప్పుడు మరల మీద వేలెడు గ్రీజు రాస్తే వాడి సొమ్మేం పోయేది?" అనేవాడు. "ఇనప బోల్టుకు ఇత్తడి నట్టు వేశాడు చూడు. ఉప్పునీళ్ళలో ఈ రెంటికీ క్షణం పడదు, ఒకదాన్నొకటి తినేస్తాయి. తాగి బిగించుంటాడు వెధవ."

ఆ వసంతంలో ఒక తెల్లవారుజామున, మంచులో, గస్తీ నౌక మమ్మల్ని పట్టుకుంది. మేం గీత దాటామా లేదా అన్నది ఈ రోజుకీ మా పడవ పెద్ద రయీస్ ఫహీమ్‌కీ నాకూ తగాదానే. దాటామనే నా నమ్మకం. పదమూడుగురం ఉన్నాం. నెల తిరక్కుండానే తొమ్మిదిమందిని ఊరికి పంపేశారు. కేసు తేలేదాకా పడవ ఉండాలి, పడవతో పాటు నలుగురు ఉండాలి అన్నారు. రయీస్ ఫహీమ్, బద్రావి, సక్ర్ అనే వలలాగే మనిషి, నేను మిగిలాం.

మా పడవను జెట్టీకి గొలుసుతో కట్టేశారు. ఒక్కో లంకె నా అరచేయంత ఉంటుంది. దాన్ని వలలు లాగే మా పెద్ద వించి ఇనుప దిమ్మ చుట్టూ తిప్పి, జెట్టీ మీది గుంజకు చుట్టి, రెండు కొసలనూ గుర్రపు లాడం ఆకారంలో ఉన్న ఒక ఇనుప పట్టుతో కలిపారు. ఆ లాడం రెండు కాళ్ళ మధ్య అడ్డంగా మరలున్న చీల. చీల తలకాయకు ఒక రంధ్రం, తిప్పడానికి. ఆ రంధ్రంలోంచి తీగ దూర్చి, సీసం ముద్ర వేసి, నంబరు కొట్టి వెళ్ళిపోయారు. పడవ నుంచి గేటు దాకా నలభై రెండు అడుగులు. గేటు దాటకూడదు. సక్ర్ కొలిచి చెప్పాడు. తర్వాత ఆ అంకె మళ్ళీ ఎత్తొద్దని రయీస్ అతన్ని తిట్టాడు.

ఎదురుగా సముద్రం, వెనక గోడ. పప్పు, బియ్యం, పిండి, డబ్బాచేపలు వాళ్ళే ఇచ్చేవారు. చేపల పడవలో కూర్చుని డబ్బాచేప తినడం నా జన్మలో చూడలేదనుకుంటే అదీ చూశాను. ఇంజను వెయ్యకూడదు, వల ముట్టకూడదు. మొదట్లో రోజూ గేటు వైపు చూసేవాళ్ళం. రెండో నెలకల్లా అటు చూడడమే మానేశాం.

బద్రావి మాత్రం పొద్దున్నే లేచి పనిలోకి దిగేవాడు. ఇంజనుకు ఇనుప కమ్మీ తగిలించి చేత్తో పావు చుట్టు తిప్పేవాడు, పిస్టన్లు పట్టేయకుండా. అడుగున సముద్రపు నీళ్ళు లోపలికొచ్చే వాల్వులు నాలుగున్నాయి. ఒక్కొక్కటీ మూసి తెరిచి, తెరిచి మూసేవాడు. చుక్కాని గొలుసు, లంగరు వించి, పడవ మీది నిలువు కొయ్యను పట్టి ఉంచే తీగల బిగింపు మరలు, అన్నింటినీ కాస్త వదులు చేసి, తుడిచి, గ్రీజు రాసి, మళ్ళీ బిగించేవాడు. అయ్యేసరికి మధ్యాహ్నమయ్యేది. మర్నాడు మళ్ళీ మొదటినుంచి.

రయీస్‌కు ఆ చప్పుడు వింటే ఒళ్ళు మండేది.

"ఎవడి కోసం రా ఆ తోముడు? వాళ్ళు జప్తు చేసుకుంటే పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసి అప్పగించినట్టు ఉంటుంది!"

"జప్తు చేసుకునేవాడైనా వాల్వు తిప్పాలి కదా రయీస్."

"నీకు మతి పోయింది."

"మీకేం పోయింది మరి? నిన్న పొద్దుటి నుంచీ ఆ తాడు మీదే కూర్చున్నారు. దానికైనా నూనె రాయాలి, మీకైనా రాయాలి."

సక్ర్ నవ్వాడు. రయీస్ చెప్పు విసిరాడు. అది నీళ్ళలో పడింది. ఆ చెప్పుకోసం నలుగురం గంటసేపు కర్రలతో పాట్లు పడ్డాం. ఆ నెలలో మేం సంతోషంగా గడిపింది ఆ గంటే.

గొలుసు వేసిన మూడోవారమో నాలుగోవారమో ఒకరోజు బద్రావి గ్రీజు డబ్బా పట్టుకుని జెట్టీ మీదికి దిగాడు. గొలుసు దగ్గర కూర్చుని చీల మరల మీద వేలితో గ్రీజు రాయబోయాడు. కాపలావాడు ఇద్రీస్ కేకలేస్తూ పరుగెత్తుకొచ్చాడు. అతని అరబీ మా అరబీ కాదు గానీ తిట్లు ఎక్కడైనా ఒకటే.

"ముద్ర ముట్టుకుంటున్నాడు! ముద్ర విప్పుతున్నాడు!"

"విప్పడం లేదయ్యా, తర్వాత మీరు విప్పుకోవడానికే రాస్తున్నా..."

ఎవరు వింటారు? తీసుకెళ్ళి సామాన్లు పెట్టే గదిలో రెండు రోజులు వేశారు. కిటికీ లేని గది. బయట గడియ. మూడోరోజు వదిలితే వచ్చాడు. ఏం జరిగిందని అడిగితే, "ఏం జరగలేదు, కూర్చున్నా," అన్నాడు. ఆ తర్వాత గొలుసు జోలికి పోలేదు. కానీ రోజూ పని ముగించాక పడవ అంచున నిలబడి ఆ చీలనే చూసేవాడు. అలలు జెట్టీకి కొట్టుకున్నప్పుడల్లా దాని మీద ఉప్పునీళ్ళు చిమ్మేవి. మొదట పసుపు మరక కనిపించింది, తర్వాత ఎర్రమరక, తర్వాత మరలు కనపడకుండా ముద్దలా ఉబ్బింది.

"చచ్చిపోతోంది," అనేవాడు. ఎవరో జబ్బుమనిషిని గురించి చెప్పినట్టు.

బక్రీదుకు రేవులో ఎవరో పుణ్యాత్ముడు మాకు గొర్రె మాంసం పంపాడు, తోక కొవ్వుతో సహా. మూడు నెలల తర్వాత మాంసం. నేను ఆ కొవ్వు కరిగించి అన్నంలో పోయాలని అప్పుడే కలలు కంటున్నాను. బద్రావి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"వహ్దానూ, ఆ కొవ్వు నాకివ్వు."

"ఎందుకు?"

"గ్రీజు అయిపోయింది. కొవ్వు కరిగించి పాత ఇంజనాయిల్లో కలిపితే మరలకు అంతకన్నా మంచిది లేదు. మా గురువు అదే వాడేవాడు."

"మనుషులు ఎండిపోతుంటే ఇనుముకు కొవ్వు కావాలా నీకు? పో ఉస్తా, గరిటె విరిగేలా కొడతాను."

"సగం."

"చిటికెడు కూడా ఇవ్వను."

అతను కదల్లేదు. బతిమాలలేదు కూడా. ఆ రెండు రోజుల గది నుంచి వచ్చాక అతనికి అలా నిలబడిపోవడం అలవాటైంది, ఎక్కడికి పోవాలో తెలియనివాడిలాగా. నేనే చూడలేక సగం ఇచ్చేశాను. ఆ రాత్రి భోజనాల దగ్గర రయీస్ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను.

ఐదో నెలలో బద్రావి కూతురు రగ్దా పెళ్ళి. తేదీ ఎప్పుడో ఖాయమైంది. నాన్న వచ్చేదాకా ఆగుదామని ఆ పిల్ల అంది. ఎప్పుడొస్తానో తెలియదు, చేసెయ్యమని ఇతనే కబురంపాడు. పెళ్ళిరోజు సాయంత్రం కాపలా ఇద్రీస్ వచ్చి, చుట్టూ చూసి, తన ఫోను ఇతని చేతిలో పెట్టాడు. పట్టించి గదిలో వేయించింది ఆ ఇద్రీసే. "మూడు నిమిషాలు," అన్నాడు.

అవతల డప్పులు, ఆడవాళ్ళ కేరింతలు. బద్రావి ఫోను చెవికి పెట్టుకుని ఒక్క మాటా మాట్లాడడు. "నాన్నా, వినపడుతోందా? నాన్నా?" అని ఆ పిల్ల అడగడం మాకు కూడా వినపడింది. చివరికి, "నీళ్ళ మోటారుకు నూనె వేయమని మీ ఆయనకు చెప్పు," అన్నాడు. అంతే. ఫోను తిరిగి ఇచ్చి, కిందికి దిగి, పడుకున్నాడు.

తొమ్మిది రోజులు లేవలేదు. అన్నం పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. ఇంజను ఎవరూ తిప్పలేదు. నాకు నిజంగా భయమేసింది ఆ రోజుల్లోనే. అతను చేసే చప్పుడు వింటూ తిట్టుకున్న మేము, ఆ చప్పుడు ఆగిపోయేసరికి ఏం చేయాలో తెలియక ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రయీస్ రెండుసార్లు కిందికి వెళ్ళి అతని పక్కన కూర్చుని వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు.

తొమ్మిదో రోజు సక్ర్ తనకు తోచినట్టు వాల్వులు తిప్పుతానని దిగాడు. రెండో వాల్వు రాలేదు. పైపు ముక్క తగిలించి బలంగా లాగాడు. పిడి విరిగి చేతికొచ్చింది, దాని మెడ దగ్గర నుంచి నీళ్ళు చిమ్మడం మొదలైంది.

"ఉస్తా! ఉస్తా! నీళ్ళు! నేనేం చెయ్యలేదు, దానంతటదే..."

బద్రావి లేచాడు. మోకాటిలోతు నీళ్ళలో కూర్చుని, గుడ్డ చుట్టి, చెక్క బిరడా కొట్టి, సాయంత్రానికల్లా ఆపాడు. ఆపుతున్నంతసేపూ సక్ర్‌ను అతని ఏడు తరాలతో సహా తిట్టాడు. "రానిదాన్ని లాగుతారట్రా గాడిదా? ముందు బిగించే వైపు కొంచెం నెట్టాలి. తర్వాత విప్పే వైపు. మళ్ళీ బిగించే వైపు. దాన్ని మాటల్లో పెట్టాలి!" ఆ తిట్లు వింటూ రయీస్ మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాటి నుంచి మళ్ళీ ఇంజను పావు చుట్టు.

ఏడో నెల చివర, ఏదో జాతీయ పండుగ రోజు పొద్దున పది గంటలకు, ఒక ఆఫీసరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, కళ్ళద్దాలు, చేతిలో కటింగ్ ప్లేయరు. పండుగ సందర్భంగా క్షమించారు, పడవ తీసుకుని వెళ్ళిపోవచ్చు అంది. మేం కేక వేయబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

"పూర్తిగా వినండి. ఈ రోజు సూర్యాస్తమయంలోగా రేవు హద్దు దాటాలి. దాటించే గస్తీ నౌక ఈ రోజే ఉంది. లేకపోతే కాగితం చెల్లదు. కొత్తది రాజధాని నుంచి రావాలి."

"ఎన్నాళ్ళకు వస్తుందమ్మా?" అన్నాను.

"ఇదెన్నాళ్ళకు వచ్చింది?" అంది ఆమె.

ముద్ర తీగ కత్తిరించింది. "విప్పుకోండి," అంది. సక్ర్ చీల రంధ్రంలో కమ్మీ దూర్చి తిప్పాడు. కదల్లేదు. నేనూ పట్టాను. కదల్లేదు. బద్రావి "ఆగండి, ఆగండి," అంటూ దిగి వస్తూనే ఉన్నాడు. ఈలోపు రయీస్ సమ్మెట ఎత్తి ఒక్కటి వేశాడు. ఏడు నెలల కసి ఉంది ఆ దెబ్బలో. చీల తలకాయ రంధ్రంతో సహా విరిగి జెట్టీ మీద ఎగిరిపడింది. ఇక తిప్పడానికి పట్టే లేదు.

బద్రావి వంగి ఆ విరిగిన ముక్కను చేతిలోకి తీసుకున్నాడు.

"రయీస్," అన్నాడు. రయీస్ మీద అతను గొంతు పెంచడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. "మీరు పడవెక్కి కూర్చోండి. నేను చెప్పేదాకా దిగొద్దు."

రయీస్ ఫహీమ్ అరవై ఏళ్ళవాడు. తన పడవ మీద తన మాటే చెల్లించుకున్నవాడు. సమ్మెట కింద పెట్టి వెళ్ళిపోయాడు.

గొలుసు కోద్దామంటే మా దగ్గరున్నది ఒకే రంపం బ్లేడు, పది నిమిషాలకే విరిగింది. గ్యాసుతో కోసేవాళ్ళ దుకాణం పండుగకు మూసి ఉంది. మిగిలింది ఆ చీలే.

బద్రావి ముందు ఇనుప బ్రష్షుతో తుప్పు పొక్కులు రాల్చాడు. కిరసనాయిల్లో ఇంజనాయిలు కలిపి సందుల్లో చుక్కలు చుక్కలుగా వదిలాడు. లాడం కాలికి ఒక పక్క సమ్మెట ఆనించి పట్టుకోమని సక్ర్‌కు చెప్పి, రెండో పక్క చిన్న సుత్తితో చుట్టూ కొట్టాడు, తలుపు తట్టినట్టు, బలంగా కాదు. నూనె లోపలికి ఇంకేలా మధ్యాహ్నం దాటేదాకా అదే పని. తర్వాత గొలుసు వైపు చూశాడు. ఉత్తరపు గాలికి పడవ బయటికి లాగుతోంది. గొలుసు తీగలా బిగిసి ఉంది.

"ఇంత బరువు మీద పడుంటే చీల ఎలా తిరుగుతుంది? రయీస్! ఇంకో గుంజకు తాడు వేసి పడవను లోపలికి లాగండి!"

రయీస్ లంగరు వించికి తాడు చుట్టి చేత్తో తిప్పాడు. రోజూ గ్రీజు తిన్న ఆ వించి కిర్రుమనకుండా తిరిగింది. గొలుసు వదులైంది. పైపు పానాతో విరిగిన మొండెం పట్టుకుని బద్రావి లాగాడు. పానా జారింది. మూడు వేళ్ళ కణుపుల తోలు లేచిపోయింది.

"వహ్దానూ, నీ స్టౌ పట్రా."

స్టౌ తెచ్చి, పంపు కొట్టి, మంట లాడం కాలికి తగిలేలా పక్కకు వంచి పట్టుకున్నాను. "చీలకు కాదు, లాడానికి," అన్నాడు. "పట్టుకున్నది వేడెక్కి వ్యాకోచించాలి. పట్టుబడ్డది చల్లగా ఉండాలి." బాగా కాలాక కొవ్వొత్తి సందుకు తాకించాడు. మైనం కరిగి లోపలికి పోయింది, ఎండిన నేల నీళ్ళు పీల్చినట్టు. పానా వేశాడు. రాలేదు. మళ్ళీ మంట. రాలేదు. మూడోసారికి స్టౌ సన్నరంధ్రం మూసుకుపోయి పొగ కక్కింది. దాన్ని సూదితో పొడిచి బాగుచేసి మళ్ళీ పంపు కొట్టాను. ఎండ గోడ మీంచి దిగిపోతోంది. సక్ర్ సమ్మెట పట్టుకునే ఏడుస్తున్నాడు.

"ఇక వదిలెయ్యి ఉస్తా. రాదది. మనం ఇక్కడే చస్తాం."

"ఏడుస్తూ పట్టుకో, ఫరవాలేదు. పక్కకు మాత్రం జరపకు."

ఆఫీసరమ్మ గడియారం చూసుకుంది. పండుగ రోజున ఆమెకూ ఇంట్లో ఎవరో ఎదురుచూస్తుండే ఉంటారు. అయినా వెళ్ళలేదు. నాలుగోసారి మంట పెట్టేటప్పటికి కాపలా ఇద్రీస్ తుపాకీ గోడకు ఆనించి, ఎక్కడినుంచో మనిషెత్తు ఇనుప గొట్టం తెచ్చాడు. పానా పిడికి దాన్ని తొడిగారు.

"ముందు బిగించే వైపు," అన్నాడు బద్రావి. ఇద్రీస్, అతనూ నెట్టారు. "చాలు. ఇప్పుడు ఇటు."

'టక్' మంది.

చీల విరిగిందనుకున్నాను. బద్రావి కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. తర్వాత వంగి చూశాడు. సందులోంచి ఎర్రటి పొడి రాలుతోంది. వెంట్రుకంత జరిగింది. మళ్ళీ బిగించాడు, మళ్ళీ వదిలాడు, నూనె వేశాడు. అలా ముందుకూ వెనక్కూ ఎన్నిసార్లో. చివరికి పానా పక్కన పెట్టి వేళ్ళతో తిప్పి చీలను బయటికి లాగాడు. గొలుసు గలగలమని రాళ్ళ మీద పడింది.

సక్ర్, నేనూ పడవ మీదికి దూకాం. రయీస్ తాళ్ళు విప్పుతూ, "రా! సూర్యుడు పోతున్నాడు, రా!" అని అరుస్తున్నాడు. బద్రావి రాలేదు. జెట్టీ మీదే కూర్చుని ఆ చీల మరలను బ్రష్షుతో తోముతున్నాడు.

"ఏం చేస్తున్నావురా పిచ్చోడా!"

"ఒక్క నిమిషం రయీస్."

గుడ్డతో తుడిచి, జేబులోంచి చిన్న డబ్బా తీసి, మరల నిండా ఆ గొర్రెకొవ్వు రాసి, చీలను లాడంలో తిరిగి ఎక్కించాడు. రెండు వేళ్ళతో తిప్పితే తిరిగింది. లాడం ఆఫీసరమ్మకు అందించి, డబ్బా కూడా చాపాడు.

"దీనికి తల విరిగిందమ్మా, కొత్త చీల చేయించండి. నెలకోసారి ఇది రాస్తే చాలు."

"నువ్వెందుకు చేస్తున్నావిది? నీకేం పని?" అంది ఆమె.

"మళ్ళీ ఎవడి పడవకో వేస్తారు కదా. వాణ్ణి వదిలే రోజున ఇంత ఆలస్యం కాకూడదు."

ఆమె లాడం అందుకుని, చీలను ఒకసారి తిప్పి చూసింది. డబ్బా మాత్రం ఇద్రీస్ తీసుకున్నాడు.

ఇంజను రెండో ప్రయత్నానికి అందుకుంది. హద్దు దాటేటప్పటికి సూర్యుడు నీళ్ళకు జానెడు ఎత్తున ఉన్నాడు. అన్నం వండాను, ఎవరూ తినలేదు.

ఇంటికి చేరాక నలభై రోజులకు రయీస్ మళ్ళీ వేటకు బయలుదేరాడు. నేనూ ఎక్కాను, నాకు వేరే పని రాదు. బద్రావి రానన్నాడు. పడవలు కట్టే చోట రేకుల కొట్టం వేసుకుని, పట్టేసినవి విప్పుకుంటూ, బిగించేవాళ్ళను తిట్టుకుంటూ ఉంటున్నాడు. పని బాగానే ఉంది. మనిషే పూర్తిగా బాగుపడలేదు. ఇంట్లో తలుపుల గడియలన్నీ ఊడదీశాడు. గదిలో పడుకోలేక మేడ మీద పడుకుంటున్నాడు, చలికాలంలో కూడా.

మొన్న వేట నుంచి వచ్చి చూడ్డానికి వెళితే అతని భార్య ఇన్‌షిరాహ్ టీ ఇస్తూ నా మీద విరుచుకుపడింది.

"నువ్వైనా చెప్పు వహ్దానన్నా! స్నానాల గదికి కూడా గడియ లేదు. ఇంటికి చుట్టాలొస్తే నేను గుమ్మం దగ్గర కాపలా నిలబడాల్సొస్తోంది. ఇదేం కాపురం?"

"పాట పాడుతూ స్నానం చెయ్యమను, ఎవరూ రారు," అన్నాడు బద్రావి.

"వీళ్ళ పిన్ని చెవిటిది!"

అతను నవ్వాడు. కాసేపటికి వాన మొదలైంది. మేడ మీది పరుపు తడిసిపోతుందని ఆమె పరుగెత్తింది. అతను కూడా లేచి, ఆమె వెనకాలే మెట్లెక్కి వెళ్ళి, పరుపు రెండో కొస పట్టుకున్నాడు.